చిన్నల్లుడి ముడి

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే మా ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. వాళ్ళక్క మనవడికి నిశ్చితార్థం. ఫిల్మ్ నగర్ కొండ దిగే దారిలో ఉన్న ఏసీ ఫంక్షన్ హాల్లో. "స్టేజీ ఇలా ఉంటుందట, చూడండి" అని ఫోను నా ముక్కు కింద పెట్టింది. చూశాను. పెద్ద తెల్ల పడవ. మధ్యలో తెరచాప కొయ్య, దానికి గాలి పీల్చి పొట్ట ఉబ్బించిన తెల్లటి చాప, కింద పిల్లా పిల్లవాడూ కూర్చోవడానికి బంగారు రంగు సోఫా. కొయ్య కొస నుంచి రెండు పక్కలకీ తాళ్ళు దిగి ఉన్నాయి, వాటినిండా పూలదండలు. "మా బావగారి ఆలోచనేనట. మన వంశం పడవల మీద బతికిన వంశం కదా అని" అంది. నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆవిడ నా మొహం చూసి, "మీరు రాకపోతే బాగుండదు. వచ్చి గొడవ పెట్టుకున్నా బాగుండదు" అంది. "వస్తాను, గొడవ పెట్టుకోను" అన్నాను. అందులో మొదటి ముక్క నిజం.

నాకు చదువు ఆలస్యంగా అబ్బింది. యాభై దాటాక, కృష్ణానగర్ గోడల మీద అంటించిన సినిమా పోస్టర్లు చూసి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. అందుకని చాలాకాలం అక్షరమంటే మనిషెత్తు ఉంటుందనీ, ప్రతి మాట పక్కనా కత్తి పట్టుకున్నవాడొకడు నిలబడతాడనీ అనుకునేవాణ్ణి. మొదటిసారి పుస్తకం తెరిచి ఆ చీమ తలకాయలంత అక్షరాలు చూసి, ఇవి ఇంకా ఎదగలేదేమో అనుకున్నాను. నా రాతలో వయ్యారాలు ఉండవు. నా తోడల్లుడంటే నాకు పగ. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం.

తోడల్లుడు పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. మా మామగారు కాకినాడ దిగువన ఉప్పుటేటి మీద తెరచాప పడవకు సరంగు. కూతుళ్ళను ఇచ్చే ముందు మా ఇద్దరికీ జాతకాలు చూపించలేదు, తాడు చేతికిచ్చి ముడి వేయించి చూశాడు. నాది కుడిచేతి ముడి, వాడిది ఎడమచేతి వాటం. రెండూ నచ్చాయి ఆయనకి. ఆ పైన కొయ్యను నిలబెట్టే విద్య చెప్పాడు. తెరచాప కొయ్యను నిలబెట్టేది దాని కింద ఉన్న గుంట అనుకుంటారు ఎరగనివాళ్ళు. గుంట కొయ్యను కదలకుండా ఉంచుతుందంతే, నిలబెట్టేవి తాళ్ళు. ముందొకటి, వెనకొకటి, చెరో పక్కా రెండేసి. ఒక పక్క పిసరంత బిగిస్తే ఎదుటి పక్కా పిసరంత బిగించాలి. ఒకే పక్క గుంజావా, కొయ్య విల్లులా వంగి కూర్చుంటుంది. బిగించాక కొయ్య మొదట్లో చెంప ఆనించి, ఒక కన్ను మూసి పైకి చూడాలి, వంకర ఉంటే అక్కడే దొరికిపోతుంది. ఆ తరవాత వేలితో తాడు మీటి వినాలి. రెండు పక్కలా ఒకే మోత రావాలి. కొబ్బరి పీచు తాడు మంచుకు బిగుస్తుంది, ఎండకు వదులవుతుంది, కాబట్టి పొద్దున విన్నది మధ్యాహ్నానికి పనికిరాదు, మళ్ళీ వినాలి. మామగారు వచ్చి మీటి, నచ్చకపోతే ఒక్క మాటా అనేవాడు కాదు. ఆ పూట మా అత్తగారిని మా కంచాల్లో చేప ముక్క వేయనిచ్చేవాడు కాదు. అలా ఎన్ని పూటలు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఉత్త పులుసుతో అన్నం తిన్నామో! వాడు తన కంచంలో పొరపాటున పడిన ముక్కను విరిచి సగం నాకు పెట్టేవాడు. ఆ రోజుల్లో వాడంటే నాకు ప్రాణం. అది కూడా రాయాలి, లేకపోతే పగకు రుచి ఉండదు.

పడవలకు మోటార్లు వచ్చాయి, చాపలు చుట్టి చూరుకి ఎక్కించేశారు. అప్పుడే మా తీరానికి షూటింగుకి వచ్చిన సినిమావాళ్ళు మా ఇద్దరి చేతివాటం చూసి హైదరాబాదు రమ్మన్నారు. ఫిల్మ్ నగర్‌లో స్టూడియో వెనక రాళ్ళగుట్ట పక్కన, ఆరుబయట, నీటి చుక్క లేని చోట పెద్ద పడవ కట్టారు. మా బామ్మర్ది, అంటే మా ఆడవాళ్ళ తమ్ముడు, అప్పటికి మీసం సరిగా మొలవలేదు, వాడూ మా వెంట వచ్చేశాడు. తెడ్డు వేసేవాళ్ళ గుంపులో వాడికి వేషం. పొద్దున్నే మేకప్పు వేయించుకుని, మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా ఆ పెట్టుడు గడ్డం తీయకుండా సాంబారన్నం తినేవాడు. ఊరికి ఫోటో పంపాలని వాడి ఆశ.

ఆ పడవకి ఒక అవకరం ఉంది. కింద గుంట లేదు. చెక్కల మీద నాలుగు మేకులు కొట్టి కొయ్యను నిలబెట్టారు, భారమంతా తాళ్ళ మీదే. మేమిద్దరం కట్టాం, చెంప ఆనించి చూశాం, మీటి విన్నాం. గాలి కోసం చక్రాల బండి మీద పెద్ద ఫ్యాను తెచ్చి ఎడమ పక్క పెట్టారు. హీరోగారి తలపాగాకి ఒక పొడుగాటి నెమలి ఈక. ఆయన కుడి పక్కకు నడిచి వచ్చి సముద్రాన్ని, అంటే రాళ్ళగుట్టని, చూస్తూ డైలాగు చెప్పాలి. వచ్చినప్పుడల్లా ఈక కుడిపక్క తాళ్ళకు తగిలి వంగిపోతోంది. నేనా టైముకి ఇంకో చాపగుడ్డ తేవడానికి గోడౌనుకి వెళ్ళాను. ఆయన టచప్ కుర్రాడు నా తోడల్లుడి దగ్గరికొచ్చి, "అన్నా, ఆ తాళ్ళు జర తీస్తవా? సారు పరేషాన్ అయితుండు" అన్నాడట. ఆ కుర్రాడే తరవాత నాకు చెప్పాడు, చెప్పి మళ్ళీ కనపడలేదు. గాలి ఎడమ నుంచి వస్తుంటే పట్టి ఆపేవి ఎడమ తాళ్ళే, కుడి తాళ్ళకు పనేముంది? అనుకుని నా తోడల్లుడు కుడివి రెండూ విప్పేశాడు.

భోజనాలయ్యాక డైరెక్టరుగారికి అదే ముక్క అటు నుంచి కావాలనిపించింది. సముద్రం మీద గాలి తిరగాలంటే ముందు నీటి రంగు మారుతుంది, కొంగలు చెబుతాయి, మెడ మీద వెంట్రుకలు చెబుతాయి, మనిషి సర్దుకోవడానికి సందు ఉంటుంది. ఫిల్మ్ నగర్‌లో అలా కాదు. పడవను తిప్పడం కష్టం కాబట్టి గాలినే తిప్పుతారు. నలుగురు మనుషులు ఫ్యాను బండిని గలగలా తోసుకెళ్ళి కుడిపక్క పెట్టారు. నా తోడల్లుడు చూస్తూనే ఉన్నాడట, వక్క నములుతూ. సముద్రం మీద పెరిగినవాడికి గాలి ఒక్క గుక్కలో ఎదురు దిక్కుకి మారుతుందన్న ఊహే రాదు. సినిమాల్లో పెరిగినవాడైతే తాడు ముట్టుకునేవాడే కాదు. అటూ ఇటూ కాని మాలాంటివాళ్ళే చేయగలిగిన తప్పు అది. తప్పు చేసినందుకు నాకు వాడి మీద పగ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను చాపగుడ్డ భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి కొయ్య ఎడమకు పడి ఉంది. దాని కింద పెట్టుడు గడ్డంతో మా బామ్మర్ది. తుంటి ఎముక నలిగిపోయింది. లైట్లవాళ్ళూ మేమూ కలిసి కొయ్య ఎత్తాం. ఎత్తాక నా కన్ను కుడి పక్కకు పోయింది. తెగిన తాడు తెగినట్టు ఉంటుంది, జారిన ముడి జారినట్టు ఉంటుంది. ఇవి రెండూ నీటుగా విప్పి, ఎడమచేతి వాటంగా చుట్టలు చుట్టి, మేకుకు తగిలించి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపల మేనేజరు అరిచాడు, "ఎవడయ్యా ఈ తాళ్ళు కట్టింది?" నా తోడల్లుడు నా వైపు వేలు చూపించాడు. "తమ్ముడండీ. ముడి జారింది." మర్నాడు ఆసుపత్రి వరండాలో మా అత్తగారితోనూ అదే చెప్పాడు. నేను చుట్టల సంగతి చెప్పాను. అప్పటికి మామగారు పోయారు, ఆయనుంటే నా మాట వినేవాడు. అత్తగారు మాత్రం, "పెద్దల్లుడు అబద్ధమాడడు" అంది. పెద్దవాడు కాబట్టి ఆడడు. అంతే లెక్క. నా పగ అక్కడ పుట్టింది.

ఆ తరవాత నన్ను ఏ సెట్టుకీ తాళ్ళ పనికి పిలవలేదు. రహమత్ నగర్‌లో ఒక టెంటు హౌసులో చేరి షామియానాలు కట్టుకుని బతికాను. నా షామియానా ఏ గాలివానకీ లేవలేదని బస్తీ అంతటికీ తెలుసు, మా చుట్టాలకి తప్ప. వాడు సెట్లు వేయించే కాంట్రాక్టరు అయ్యాడు, ఫిల్మ్ నగర్‌లో మేడ కట్టాడు. వాడు మేడ కట్టినందుకు ఏడవలేదు నేను. మా ఇంట్లో ఒక మాట పుట్టింది, దానికి ఏడ్చాను. పిల్ల జడ రిబ్బను ఊడితే "చిన్నల్లుడి ముడి వేశావేంటే" అనేవాళ్ళు. ఆవకాయ జాడీ వాసెన జారినా, పసివాడి మొలతాడు వదులైనా, పెళ్ళిలో కొంగుముడి తప్పినా చిన్నల్లుడి ముడే. మొదట్లో ఎత్తిపొడుపు, పోనుపోను ఊరికే మాట. నా సొంత కూతురు బడికి వెళ్తూ బూటు తాడు ఊడితే "అమ్మా, చిన్నల్లుడి ముడి అయిపోయింది" అంది. అది నేనేనని దానికి తెలియదు. ఆ రోజు నేను అన్నం తినలేదు, తినలేదని ఎవరికీ చెప్పలేదు.

మా బామ్మర్ది మాత్రం ఎన్నడూ ఆ మాట అనలేదు. వాడి కాలు ఒకటి పొట్టిదైంది. వెంగళరావు నగర్‌లో కూతురి దగ్గర ఉంటాడు. ఏ శుభకార్యానికొచ్చినా నన్ను చూసి తల ఊపుతాడు, పక్కన మాత్రం కూర్చోడు. నాకు కావలసింది ఒక్కటే. ఎవరు విప్పారో వాడి చెవిన పడాలి. అదీ పెద్దల్లుడి నోటితోనే పడాలి. నేను వందసార్లు చెప్పినా అది చిన్నల్లుడి సాకు.

నిశ్చితార్థం రోజు ముహూర్తానికి చాలా ముందే, అక్కకు సాయం అని మా ఆవిడ బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. సంచిలో షామియానాల నైలాను మోకు వేసుకున్నాను. హాల్లో స్టేజీవాళ్ళు పూలు గుచ్చుతున్నారు. పడవ దగ్గరికి వెళ్ళి కొయ్యకు చెంప ఆనించాను. వాళ్ళ మేస్త్రీ వచ్చి, "ఏం తాతా, గీడ ఏం చేస్తున్నవ్? పడవ ఎక్కుతవా ఏంది?" అన్నాడు.

"పెళ్ళికొడుకు తాతని. ఈ కొయ్యకేం ఆధారం రా?"

"కింద ప్లేటు, బోల్టులు. తాళ్ళు ఊకె షోకు."

"ఫ్యాను పెడతారా?"

"పెడ్తం గద. ముందుగాల గిటు దిక్కు నుంచి, తర్వాత గటు దిక్కు నుంచి. రీలుకు మస్తుంటది."

గాలిని తిప్పుతారన్నమాట. దేవుడున్నాడనుకున్నాను. మేస్త్రీని నిచ్చెన ఎక్కించి, చాప చాటున కొయ్య కొసకి నా మోకు వేయించి, నాలుగు పక్కలా కింద పూల తెరల వెనక నా చేత్తో కట్టాను. ఇటు పిసరు, అటు పిసరు. చెంప ఆనించి చూశాను, మీటి విన్నాను. మామగారు ఉంటే ఆ పూట నాకు చేప తలకాయ ముక్క వేయించేవాడు. పిల్లల నెత్తిన కొయ్య పడేయడానికి నేను కసాయిని కాను. ఆ పనంతా అయ్యాక, పైకి కనపడే పూలదండల తాళ్ళున్నాయే, అవతలి పక్కవి, వాటిని ఇంకొంచెం వదులు చేశాను. హాల్లో ముందు వరసలో కూర్చున్నవాడికి, అందులోనూ తాడు ఎరిగినవాడికి, కొట్టొచ్చినట్టు కనపడేలా వేలాడదీశాను. మేస్త్రీ, "గిదేంది తాతా, లోపల బిగించి బయట ఇడిశినవ్?" అన్నాడు. "మా వంశాచారం" అన్నాను.

ఉంగరాలు మార్చుకున్నారు. ముందు వరసలో పట్టుపంచెతో నా తోడల్లుడు, వాడి పక్కన కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని మా బామ్మర్ది, ఈసారి చోటు లేక వాడి ఇవతల నేను. ఫ్యాను తిరిగింది, చాప ఉబ్బింది, పిల్ల పమిట ఎగిరింది, అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఫ్యాను ఆపి బండిని అవతలికి తోయడం మొదలెట్టారు. నా తోడల్లుడి దవడ ఆగిపోయింది. నోట్లో కిళ్ళీ ఉంది. తాళ్ళ వంక చూశాడు, ఫ్యాను వంక చూశాడు, బామ్మర్ది మీదుగా నా వైపు వంగాడు.

"తమ్ముడూ, అవతలి తాళ్ళు చూశావా?"

"పొద్దున్నే చూశాను అన్నయ్యా."

"వదులుగా ఉన్నాయిరా."

"అవును, వేలాడుతున్నాయి."

"మరి లేచి చెప్పవేం? నా మోకాళ్ళు లేవనివ్వవు, నువ్వెళ్ళి బిగించు."

"నేను కడితే జారుతుంది కదా అన్నయ్యా."

"వేళాకోళానికి ఇదా టైము? అక్కడ పిల్లలున్నారు!"

"అప్పుడూ ఒక పిల్లాడున్నాడు. నీ పక్కనే కూర్చున్నాడు, చూడు. ఎవరు విప్పారో వాడికి చెప్పు, లేస్తాను."

బండి చక్రాలు ఆగాయి. మేస్త్రీ స్విచ్చు మీద చెయ్యి వేశాడు. మా బామ్మర్ది ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. నా తోడల్లుడి నుదుటి మీద బొట్టు చెమటకు కారింది. ఒక్కసారిగా, హాలంతా వినేలా, "నేనే! నేనే విప్పానురా, ఈకకు తగులుతోందంటే విప్పాను, నీ ముడి కాదు, నేనే, వెళ్ళరా బాబూ!" అని అరిచాడు.

నేను లేవలేదు. స్విచ్చు పడింది. చాప ఫట్‌మని అటు నుంచి ఇటు తిరిగింది, కొయ్య వెంట్రుకవాసి కదల్లేదు. చప్పట్లు. వాడు కొయ్య వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు, అరచేతుల్లో మోకు ఒరుసుకున్న ఎర్రటి గీతలు కనపడి ఉండాలి. అర్థమైంది. ఆ క్షణంలో వాడి మొహం ఎలా ఉందో నాకు రాయడం రాదు. చూడటం మాత్రం తనివితీరా చూశాను. వెనక వరసలో మా వదిన వింది, మా ఆవిడ వింది, ఆ మాట అంటూ పెరిగిన పిల్లలందరూ విన్నారు.

నేననుకున్నది అంతవరకే. మిగతాది మా బామ్మర్ది చేశాడు. కర్ర మీద లేచి నిలబడి, "పెద్దబావా, లే" అన్నాడు.

"ఎక్కడికిరా?"

"తాళ్ళు వదులుగా ఉన్నాయన్నావుగా. వెళ్ళి బిగించు."

"మోకాళ్ళు..."

"నేను నడవట్లా?"

నా తోడల్లుడు లేచాడు. పట్టుపంచె ఎగ్గట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, పడవ పక్కన వంగి పూలదండల తాడు పట్టుకున్నాడు. కింద మా బామ్మర్ది కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. మైకు పట్టుకున్న అమ్మాయి ఇదేదో ఆచారమనుకుని, "పెళ్ళికొడుకు తాతగారు తమ చేతులతో పడవను ఆశీర్వదిస్తున్నారు, ఒక్కసారి గట్టిగా క్లాప్స్!" అంది. ఫోటోలవాళ్ళు చుట్టూ మూగారు. ఏళ్ళుగా తాడు ముట్టని ఎడమచేత్తో వాడు ముడి వేశాడు, లాగితే ఊడింది. "జారింది బావా. మళ్ళీ వెయ్యి" అన్నాడు మా బామ్మర్ది, గొంతు పెంచకుండా. మళ్ళీ వేశాడు. అదీ ఊడింది. "మళ్ళీ." మా వదిన లేవబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మా ఆవిడ అలా చేస్తుందని నేననుకోలేదు. జాలేసిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుందని నాకు తెలుసు. వేయలేదు. ముడి నిలిచేదాకా కూర్చుని, ప్లేటులో ఉన్న జీడిపప్పు ఏరుకుని తిన్నాను.

భోజనాల తరవాత బయట మెట్ల దగ్గర మా బామ్మర్ది నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "లోపల ముందే గట్టిగా కట్టేశావు కదూ?" అన్నాడు. కట్టానన్నాను. "ఆ భయానికి పెద్దబావ గుండె ఆగి ఉంటే?" అన్నాడు. "ఆగితే ఆగేది" అన్నాను. వాడు ఆటోల వంక చూస్తూ, "నా కాలు పెట్టుకుని మీరిద్దరూ బాగానే ఆడుకున్నారు బావా" అన్నాడు.   ఆటో వచ్చింది. ముందు వాడెక్కి, పొట్టి కాలు సర్దుకుని, పక్కన చోటు చూపించాడు. వెంగళరావు నగర్ దాకా ఇద్దరికీ భుజం భుజానికి తగులుతూనే ఉంది.

మర్నాడు పొద్దున లేవబోతే లేవలేకపోయాను. మోకాళ్ళు, నడుము, కళ్ళు, చెవులు, వీటి ముసలితనాలు ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కున్నాయో, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఏమైందండీ, నిన్నటిదాకా బాగానే ఉన్నారుగా" అంది. ఏం చెప్పను? కోపం కాపలా ఉన్నన్నాళ్ళూ నా గడప తొక్కడానికి కాలానికి ధైర్యం చాల్లేదు. అది వెళ్ళిపోయిన మర్నాడే కాలం వచ్చి, నా మంచం మీద నాకంటే ముందే కూర్చుంది.